రక్తపు పోటుకు నడక



విశాఖపట్నంలో తెల్లవారేసరికి రామకృష్ణా బీచి రోడ్డునిండా నడిచేవాళ్ళే. "అది పనిలేనివాళ్ళకండీ, పొలంపని చేసేవాళ్ళకెందుకు?" అన్నారు మొన్న ఆనందపురం వైపు ఒక పెద్దాయన. ఆయన బి.పి. పై అంకె 160. పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని చేరితే పోటు ఉన్నట్టే గదా!

ఆలోచించండి. దుక్కి ట్రాక్టరు దున్నుతున్నది, నీరు మోటారు తోడుతున్నది. ఇక ఒంటికి మిగిలిన పనెంత? ఊపిరి బిగబట్టి బస్తా ఎత్తితే ఆ క్షణాన పోటు పెరుగుతుంది కూడాను. నడక అలా కాదు. రక్తనాళాల బిగువు సడలించి, గుండెకు శ్రమ తగ్గిస్తుంది. రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, మాట్లాడగలిగినంత వేగంతో చేతులూపుతూ నడవాలి. కొన్ని వారాలలో పై అంకె 5 నుండి 8 వరకు తగ్గవచ్చును. నడక మానితే మళ్ళీ మొదటికే.

ఒక్క హెచ్చరిక. నడుస్తున్నాం గదా అని మాత్రలు మానరాదు. మా నాన్నగారు మానారు. ఒకనాటి ఉదయం చెయ్యీ మాటా పడిపోయాయి. నడిచేటప్పుడు ఎదలో నొప్పి వస్తే వెంటనే ఆగి, డాక్టరు వద్దకు వెళ్ళాలి.

నడకకు సముద్రమే అక్కరలేదు, మన చెరువుగట్టు చాలును. రేపే మొదలుపెట్టండి. సెలవు.