కాలవ గట్టు పాకలో పుల్లల పొయ్యి



పట్టాలు, కుల సర్టిఫికెట్ల గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఇవాళ పొయ్యి గురించి మాట్లాడతా, నవ్వకండి. బందరు, గుడివాడ, దివిసీమ కాలవ గట్ల మీద మన యానాది పాకలు చూడండి. పైన తాటాకు, పక్కన వరిగడ్డి, మధ్యలో మూడు రాళ్ల పొయ్యి. ఒక్క రవ్వ ఎగిరితే రేషన్ కార్డు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఒకేసారి బూడిద. ఆ కాగితాలు మళ్లీ పుట్టించడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

"గ్యాస్ ఇచ్చారుగా" అంటారు బయటోళ్లు. 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. మొదలుపెట్టినప్పుడు మాత్రం ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుద్ది అన్నారు. చేపల వేట లేని రోజుల్లో ఆ ముందు డబ్బు ఎక్కడిది? అసలు కార్డే లేని ఇంటి సంగతేంటి? దాని మీద కొట్లాడదాం. కానీ కొట్లాట తేలేదాకా పిల్లలు ఆ పాకలోనే పడుకోవాలి కదా.

పొయ్యి వెనక తడికకి రెండు వైపులా మట్టి మెత్తండి. ఎండాకాలం పడమటి గాలి లేస్తే రవ్వలు ఎటు పోతాయో చూసి, గాలి వచ్చే వైపు నడుం ఎత్తు మట్టి గోడ కట్టండి. కుదిరితే వంట బయటే, పాకకి దూరంగా చెయ్యండి. గాలి మరీ ఎక్కువుంటే పొద్దున్నే వండేసుకోండి. సిలిండర్ ఉన్న ఇంట్లో దాని పక్కనే పుల్లల పొయ్యి వెలిగించొద్దు. పుల్లలు అంటుకోలేదని కిరసనాయిలు, పెట్రోలు అస్సలు పొయ్యొద్దు. సర్కారు తుమ్మని చీల్చి ఎండబెడితే ఎండు కొబ్బరాకుతోనే అంటుకుంటది. (మడ కొమ్మ జోలికి పోకండి. 1977 ఉప్పెన చూసిన ముసలోళ్లని అడగండి, ఆ చెట్లు దేనికో చెప్తారు.)

పచ్చి పుల్లలు పెడితే పొగ. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. ఎక్కువ పొగ పీల్చేది అమ్మలూ, వాళ్ల ఒళ్లో పిల్లలే. వానాకాలం చలిగా ఉందని నిప్పుల కుంపటి లోపల పెట్టి తలుపు మూసి పడుకోవద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోద్ది.

పొద్దున్నే అంటించుకోవచ్చని నిప్పుల మీద బూడిద కప్పి ఉంచడం మనకి అలవాటు. ఆ నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటది. రాత్రి నీళ్లు చల్లి, కర్రతో కలిపి, మళ్లీ చల్లండి.

చీరకి అంటుకుంటే పరిగెత్తొద్దు. కింద పడి దొర్లాలి, నూలు బొంత కప్పాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పొయ్యాలి. గాజులు వెంటనే తీసెయ్యండి, వాపొస్తే రావు. పేస్టు, ఇంకు, పసుపు ఏదీ రాయొద్దు. అతుక్కున్న గుడ్డ లాగొద్దు. పిల్లలకి కాలినా, ముఖం కాలినా 108కి, పాక అంటుకుంటే 101కి ఫోన్ చెయ్యండి.

ఈ ఆదివారం తమ్ముళ్లంతా మట్టి తొక్కడానికి రండి. ముందు ఒంటరి ముసలోళ్ల పాకలు మెత్తుదాం.