కొండమీద పొగ

(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అనుమానము అనే మాటకు తర్కశాస్త్రములో ఒక అర్థము, తెలుగువారి వాడుకలో మరొక అర్థము. తార్కికునకు అనుమానము ఒక ప్రమాణము. కొండమీద పొగ కనిపించినది. పొగ ఉన్నచోట నిప్పు ఉండితీరును. కనుక కొండమీద నిప్పు ఉన్నదని నిశ్చయించుట అనుమానము. వాడుకలో అనుమానమంటే నిశ్చయానికి రాని శంక. ఈ రెండు అర్థములు ఒకదానితో ఒకటి చిక్కుపడి, విడదీయుటకు వీలులేకుండ ఉన్న రంగము ఒకటి కలదు. అది ఐరోపాలో డబ్బు పుచ్చుకొని ఆడే వృత్తిక్రీడాకారుల సైకిలు పందెముల రంగము.

సైకిలు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. బడికి, బజారుకు, పొలానికి, కచేరీకి ఒకనాడు అదే వాహనము. అంత సామాన్యమైన వాహనము మీద ఫ్రాన్సు దేశములో ఏటేటా మానవశక్తికి గొప్ప పరీక్ష జరుగుతున్నది. దాని పేరు టూర్ ద ఫ్రాన్స్. లోతో అనే క్రీడాపత్రిక తన ప్రతులు ఎక్కువగా అమ్ముడుపోవలెనని 1903 లో దీనిని ఆరంభించినది. ఇప్పుడు ఆ పందెము 21 అంచెలు. మొత్తము దారి సుమారు 3,400 కిలోమీటర్లు. ఒకనాడు మైదానము, మరునాడు ఆల్ప్స్ పర్వతములు, ఆ తరువాత పిరెనీస్ కనుమలు. మూడు వారములలో విశ్రాంతి రెండు దినములు మాత్రమే. ఇంతటి శ్రమకు ఓర్చుట అన్నముతో నీళ్ళతో సాధ్యమేనా అనే ప్రశ్న పందెముతోపాటే పుట్టినది.

1924 లో ఆన్రీ పెలిసియే, ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్, మరియొక సహచరుడు పందెమును మధ్యలో విడిచి, కూతాన్స్ అనే ఊరిలోని కాఫీ హోటలులో కూర్చున్నారు. ఆల్బేర్ లోంద్ర్ అనే ప్రసిద్ధ విలేకరి వారిని కలుసుకొన్నాడు. వారు సంచులు విప్పి, కళ్ళకు కొకేను, చిగుళ్ళకు క్లోరోఫారము, ఇంకను ఎన్నో మాత్రలు చూపించినారు. ఆ వార్త దేశమంతటా సంచలనము కలిగించినది. అయితే ఆ పాత్రికేయునకు సైకిలు పందెముల సంగతి తెలియదనీ, ఆయనను కొంత ఆటపట్టించితిమనీ ఫ్రాన్సిస్ తరువాత చెప్పినాడు. కొండమీద కనిపించినది పొగయా, మంచుతెరయా అనే తగవు ఆనాటికే ఉన్నదన్నమాట.

ఆ తగవు వేళాకోళముగా ఎల్లకాలము సాగలేదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆంఫిటమిన్ అనే ఉత్తేజక ద్రవ్యము క్రీడాకారులలో వ్యాపించినది. అది శక్తిని ఇవ్వదు. అలసట తెలియకుండ చేయును. శరీరము ఇక చాలునని చెప్పే మాట మనస్సుకు వినబడదు. 1965 లో ఫ్రాన్సు ఇట్టి మందులకు వ్యతిరేకముగా శాసనము చేసినది. 1966 లో బోర్డో నగరములో అధికారులు తొలిసారిగా పోటీదారుల మూత్రపరీక్షలు చేసినారు. మరునాడు పోటీదారులు సైకిళ్ళు దిగి కొంతదూరము నడిచి తమ నిరసన తెలిపినారు. తమను దొంగలవలె చూచుచున్నారని వారి ఆక్షేపణ.

మరుసటి సంవత్సరము, 1967 జూలై 13 వ తేదీ. తీవ్రమైన ఎండలో వెంటూ పర్వతము ఎక్కుచు ఇంగ్లీషు క్రీడాకారుడు టామ్ సింప్సన్ తూలి పడినాడు. ఆయన 1965 లో ప్రపంచ విజేత. లేవనెత్తి సైకిలు ఎక్కించగా మరికొంత దూరము పోయి మరల ఒరిగినాడు, ఇక లేవలేదు. వయస్సు 29 సంవత్సరములు. శరీరములో ఆంఫిటమిన్, మద్యము ఉన్నట్లు వైద్యపరీక్షలో తేలినది. ఎండ, శ్రమ, మందు మూడును కలిసి ఆ ప్రాణమును తీసినవి. మందు సంగతి వ్యక్తిగత విషయమని వాదించినవారికి ఆ కొండ చెప్పిన సమాధానమది.

అటుపిమ్మట పరీక్షలు పెరిగినవి. పరీక్షలతోపాటు వివాదములు పెరిగినవి. 1969 లో ఇటలీ దేశపు పందెములో అగ్రస్థానమున ఉన్న ఎడ్డీ మెర్క్స్ పరీక్షలో తప్పినాడని సవోనా పట్టణములో పందెమునుండి తొలగించినారు. తాను ఏ మందూ తీసికొనలేదని ఆయన కంటతడితో చెప్పినాడు; తరువాత కూడ ఆ మాట మార్చలేదు. పందెముల చరిత్రలో ఆయనను మించినవాడు లేడని చెప్పేవారు సయితము ఆ పుట వద్దకు వచ్చేసరికి ఒక్క నిమిషము ఆగుదురు.

1980 ల చివర వచ్చిన ఒక ఔషధము ఈ కథను పూర్తిగా మార్చివేసినది. మూత్రపిండములు ఎరిత్రోపొయిటిన్ అనే రసమును తయారుచేయును. ఎర్ర రక్తకణములను పుట్టించుమని ఎముకల మజ్జకు ఆజ్ఞ ఇచ్చునది అదే. మూత్రపిండముల జబ్బుతో రక్తము క్షీణించిన రోగులకొరకు శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమముగా తయారుచేసినారు. రోగికి అది ప్రాణదానము. పందెములో పాల్గొనే ఆరోగ్యవంతునకు అది దొంగసొత్తు. ఎర్రకణములు పెరిగినకొలది కండరములకు ప్రాణవాయువు ఎక్కువగా అందును. కొండ ఎక్కుట సులువగును. రక్తము చిక్కబడి గుండెకు, మెదడుకు ముప్పు కలుగుట దానికి రెండవ వైపు. శరీరములో సహజముగా ఉండే పదార్థమే కనుక పట్టుకొనే పరీక్ష చాలకాలము లేదు. 1997 లో అంతర్జాతీయ సైకిలు సంఘమువారు రక్తములో ఎర్రకణముల పాలు 50 శాతము దాటరాదని నియమము పెట్టినారు. అది దొంగతనమును ఆపలేదు. దొంగతనమునకు ఒక హద్దు గీసినది.

1998 జూలైలో బెల్జియము సరిహద్దువద్ద ఫెస్టినా జట్టు సహాయకుడు విల్లీ వోయెట్ కారును సుంకపు అధికారులు ఆపి సోదా చేసినారు. ఎరిత్రోపొయిటిన్, మరికొన్ని నిషిద్ధ ఔషధములు కుప్పలుగా దొరికినవి. జట్టు మొత్తమును పందెమునుండి వెళ్ళగొట్టినారు. ప్రయోగశాలలు పట్టలేనిదానిని సరిహద్దు కాపలావారు పట్టినారు. ఈ సభలోని ప్రభుత్వోద్యోగులు ఆ సంగతి గమనింపదగును.

ఆ జట్టులో క్రిస్తోఫ్ బాసోన్ అనే యువకుడుండెను. మందు ముట్టనివాడు అతడేనని దర్యాప్తులో సహచరులే చెప్పినారు. మరుసటి సంవత్సరము అతడు వేరొక జట్టులో చేరి టూర్‌లో పాల్గొనుచు, ఒక ఫ్రెంచి దినపత్రికకు రోజువారీ వ్యాసములు వ్రాసినాడు. పందెపు వేగము నమ్మదగినదిగా లేదని అందులో నిస్సంకోచముగా చెప్పినాడు. ఆల్ప్ ద్యుయెజ్ కొండకు పోవు దినమున, అగ్రస్థానములో ఉన్న అమెరికా క్రీడాకారుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అతని ప్రక్కకు వచ్చి, ఇట్టి మాటలు ఆడుట పందెమునకు చెరుపు, పోవుట మంచిదని హెచ్చరించినాడు. తోటివారెవరును అతని పక్షము వహింపలేదు. సొంత జట్టువారు కూడ ముఖము చాటువేసినారు. కొద్దిరోజులలో బాసోన్ పందెము విడిచి ఇల్లు చేరినాడు. 2001 లో వృత్తినే విడిచినాడు. తప్పుచేసినవారికి పడని వెలి తప్పు చెప్పినవానికి పడినది.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడుసార్లు గెలిచినాడు. ప్రాణాంతకమైన క్యాన్సరును జయించి వచ్చినవాడగుటచే లోకము అతనిని పూజించినది. ఏ పరీక్షలోను దోషిగా తేలలేదని అతడు పదేపదే చెప్పుకొన్నాడు. శంకించిన పాత్రికేయుల మీద, నిజము చెప్పిన పూర్వపు సహాయకురాలు ఎమ్మా ఒరైలీ మీద వ్యాజ్యములు వేసినాడు. చివరకు 2012 లో అమెరికా డోపింగు నిరోధక సంస్థ 26 మంది ప్రమాణపూర్వకముగా ఇచ్చిన వాంగ్మూలములతో నివేదిక వెలువరించినది. అందులో 15 మంది సైకిలు క్రీడాకారులు. ఏడు బిరుదులూ పోయినవి. 2013 జనవరిలో అతడే టెలివిజనులో నేరము ఒప్పుకొన్నాడు. రెండవ స్థానము వారికి ఆ బిరుదులు ఇవ్వలేదు. ఆ కాలమును కమ్మిన మబ్బు ఒక్కని మీదనే లేదు కనుక ఏడు సంవత్సరములకు విజేత గడి ఖాళీగానే ఉంచినారు. ఆ ఖాళీ గళ్ళు ఎన్ని తీర్పులకన్న ఎక్కువ మాట్లాడును.

ఇక్కడ పొగను చూచి నిప్పును ఊహించినవారిదే నిజమైనది. అందుచేత శంకించుటయే వివేకమని తేల్చవచ్చునా? అట్లు కాదని చెప్పే ఉదాహరణ ఒకటి కలదు.

2008 లో సైకిలు సంఘము జీవపత్రమనదగిన ఒక పద్ధతిని ప్రవేశపెట్టినది. మందును నేరుగా వెదకుటకు బదులు, ఒక్కొక్క క్రీడాకారుని రక్తమును ఏళ్ళ తరబడి పరీక్షించి, అతని లెక్కలను అతని లెక్కలతోనే పోల్చుదురు. సహజము కాని మార్పు కనిపించినచో నిపుణులు విచారింతురు. చెక్ దేశస్థుడు రోమన్ క్రూజిగర్ లెక్కలు అనుమానాస్పదముగా ఉన్నవని 2014 లో అభియోగము వచ్చినది. ఆ ఏడు టూర్ అతనికి దక్కలేదు. అతని దేశపు ఒలింపిక్ సంఘము నిర్దోషి అన్నది. సైకిలు సంఘము పై న్యాయస్థానమునకు పోయి, 2015 లో విచారణకు ముందే అభియోగమును ఉపసంహరించుకొన్నది. పోయిన పందెమును ఆ ఉపసంహరణ తిరిగి తేలేదు. ఇచట తార్కికులు చెప్పే రెండవ పాఠమున్నది: దూరమునుండి చూచినపుడు మంచు కూడ పొగవలెనే కనిపించును.

2024 జూలై 14 న స్లొవేనియా యువకుడు తదేయ్ పొగాచర్ ప్లాటో ద బెయ్ అనే కొండను 40 నిమిషములలోపున ఎక్కినాడు. 1998 లో అదే కొండకు మార్కో పాంతానికి 43 నిమిషములకు పైగా పట్టినది. ఆ కాలము మందుల కాలమని లోకమెరుగును. వెంటనే గుసగుసలు బయలుదేరినవి. తేలికైన సైకిళ్ళు, గాలిని చీల్చుకొనిపోయే దుస్తులు, దారిపొడవునా గంటగంటకు లెక్క చూచి తీసికొనే పిండిపదార్థములు, మెరుగైన టైర్లు కారణములని ఒక పక్షము. ఇవన్నియు కలిసినను అంత తేడా రాదని మరొక పక్షము. ఆయన మీద ఏ పరీక్షలోను ఏ దోషమూ తేలలేదు. ఆ మాటను ఒకనాడు ఆర్మ్‌స్ట్రాంగ్ అరగదీసి ఉండకపోయినచో, ఈనాడు అది చాలియుండెడిది. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే అందురు. ఆ చెట్టును నాటినవారు వేరు, దాని క్రింద నిలిచినవారు వేరు.

డోపింగు చేసిన అసలు నష్టమిదే. అది గెలిచినవాని నిజాయితీని మాత్రమే కాదు, చూచేవాని ఆశ్చర్యమును కూడ దొంగిలించినది. ఒక మనిషి కొండను అవలీలగా ఎక్కుచుండగా నోరు తెరచి చూచి ఆనందించవలసినవాడు, కనుబొమ ముడిచి గడియారము చూచుకొనుచున్నాడు. అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. అతడు ఒకసారి మోసపోయినవాడు.

బాసోన్ కథకు ఒక చివరి పుట ఉన్నది. పందెములు విడిచిన తరువాత అతడు చదువుకొని, ఫ్రెంచి ప్రభుత్వ యువజన క్రీడాశాఖలో ఉద్యోగిగా చేరి, డోపింగు నిరోధక కార్యమునే చేపట్టినాడు. 2012 లో సరదాగా ఒక కొండదారి సైకిలు పోటీలో పాల్గొని, అలసి మధ్యలో విరమించి, ఇంటిదారి పట్టినాడు. పరీక్షకు హాజరు కావలెనని దారిలో కబురు వచ్చినది; వేళకు వెనుకకు రాలేకపోయినాడు. ఫ్రెంచి సైకిలు సంఘమువారు అతనికి ఒక సంవత్సరము నిషేధము విధించినారు! అప్పీలులో అది ఒక నెలకు తగ్గినది. మందు ముట్టనివాడని శత్రువులు కూడ ఒప్పుకొన్న మనిషి మీద, మందు తీసికొన్నవారికొరకు వ్రాసిన నియమము పడినది.

నియమము మనిషి ముఖము చూడరాదనుట న్యాయమే. అయితే ముఖము చూడని నియమమునకు అప్పీలు అనే రెండవ కన్ను ఉండవలెను. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలన్నారు. కాని పెద్దలే కొండ ఎక్కి చూచి రమ్మని కూడ చెప్పినారు. ఎక్కి చూచే ఓపిక లేనివారు, పొగ ఉన్నదని గాని నిప్పు లేదని గాని క్రింద నిలిచి కేకవేయుట తగదు. 1999 లో బాసోన్ ఆ కొండ ఎక్కి చూచి వచ్చి చెప్పినాడు. అతని మాట చెవినబెట్టి ఉండినచో ఆ గళ్ళలో కొన్నియైనను నేడు ఖాళీగా ఉండెడివి కావు.