మన ఊరి బడి - పంచాయతీ బాధ్యత

హోసూరు, సూళగిరి, తళి, వేపనపల్లి ప్రాంతాల పల్లెల్లో చాలాచోట్ల బడి గోడమీద 'పంచాయతీ యూనియన్ పాఠశాల' అన్న పేరు కనిపిస్తుంది. ఆ పేరు చూసి బడి సంగతులన్నీ పంచాయతీవారే చూసుకుంటారని మనవాళ్లు అనుకుంటారు. వెళ్లి అడిగితే, "టీచరు సంగతి మాకేం తెలుసు, విద్యాశాఖకు పొండి" అంటారు. విద్యాశాఖకు వెళ్లి కప్పు కారుతున్నదని చెబితే, "అది యూనియన్ ఆఫీసు పని" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. 1981 జూన్‌లో తమిళనాడులో పంచాయతీ యూనియన్ బడుల ఉపాధ్యాయులు ప్రభుత్వోద్యోగులయ్యారు. అప్పటినుంచి అయ్యవారిని వేసేదీ మార్చేదీ విద్యాశాఖ. గోడలు, కప్పు, నీళ్లు, మరుగుదొడ్డి మాత్రం స్థానిక సంస్థ పాలే. ఈ రెండు గడపల మధ్య తిరిగి తిరిగి అలసిపోయేది కూలి మానుకుని వచ్చిన తల్లి.

ఒకసారి ఒక తల్లి నన్ను ఇలాగే అడిగింది. "ఏం సార్, తెలుగు చెప్పే అయ్యవారు రిటైరై ఏడాదాయ. కొత్తాయన వచ్చేది ఎప్పుడు? మేము ఎవరిని అడిగేది?" ఈ ప్రసంగంలో ముఖ్యంగా ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలని ఉంది.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఒకటినుంచి ఐదు తరగతులున్న బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి, 61నుంచి 90 వరకు ముగ్గురు. మంచిదే. అయితే మన సరిహద్దు పల్లెల్లో ఒకే బడిలో తమిళ మాధ్యమం, తెలుగు మాధ్యమం రెండూ నడుస్తుంటాయి. 36 మంది తమిళం పిల్లలు, 20 మంది తెలుగు పిల్లలు ఉన్నారనుకోండి. మొత్తం 56. ఇద్దరు టీచర్లుంటే చట్టం లెక్క సరిపోయింది. ఆ ఇద్దరికీ తెలుగు రాకపోయినా కాగితంమీద ఖాళీ కనబడదు! చట్టం తలలు లెక్కపెట్టింది కానీ, ఆ తలల్లో ఏ భాష ఉందో చూడలేదు.

తర్వాత జరిగేది మీకు తెలిసిందే. నాలుగు రూకలున్న ఇంటివారు పిల్లవాణ్ణి వ్యాను ఎక్కించి టౌనుకు పంపుతారు. చాలా ఇళ్లలో కొడుకు వ్యాను ఎక్కుతాడు, కూతురు ఊరి బడిలోనే ఉండిపోతుంది. సంఖ్య తగ్గుతుంది. తగ్గిందని తెలుగు తరగతిని తమిళ తరగతిలో కలిపేస్తారు. కొన్నాళ్లకు, ఈ ఊళ్లో తెలుగు చదువు అడిగేవారే లేరనే మాట పుడుతుంది. అడగడానికి మిగిలింది గులాబీ తోటల్లో, కూరగాయల మళ్లల్లో పనిచేసేవారి పిల్లలు. సర్కారు బడి బాగుండాలని అనడం ఆ పిల్లల కోసమే.

తమిళం వద్దని నేను అనడం లేదు. నేను రెండు భాషల్లోనూ పాఠం చెప్పేవాణ్ణి. 2006 చట్టం ప్రకారం తమిళనాడులో పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి. బస్టాండులో, ఆఫీసులో, ఉద్యోగంలో కావలసిన భాష అది. మన పిల్లలు దానిని చక్కగా నేర్చుకోవాలి. కాని ఇంట్లో మూరల లెక్కన పూలు కొలిచి, చిల్లర సరిగ్గా ఇచ్చే ఏడేళ్ల పిల్ల, బడిలో లెక్క చదవగానే నోరు మూసుకుంటుంది. ఆ పిల్లకు కూడిక రాక కాదు. లెక్కలోని వాక్యం అర్థం కాక. మొదటి తరగతుల్లో ఆ వాక్యం తెలుగులో చెప్పేవాడుంటే, తర్వాత తమిళమూ ఇంగ్లీషూ ఆమెకు బరువు కావు.

ఇది ఎవరినో బతిమాలుకుని పొందే దయ కాదు. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతుంది. గమనించండి, స్థానిక సంస్థ అనే మాట అందులోనే ఉంది. అంతకుముందే, 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాషవారుంటే, ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి వేయాలి. పది, నలభై. ఈ రెండు అంకెలు కర్ణాటకలోని మన కోలారు, బళ్లారి శ్రోతలూ, ఒడిశాలోని బరంపురం శ్రోతలూ కూడా గుర్తుపెట్టుకోవలసినవే.

ఇక పంచాయతీ మాట. 1992 నాటి 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉంది. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ఇంకా గట్టిది. తన పరిధిలో 14 ఏళ్ల లోపు పిల్లల వివరాలు ఉంచుకోవడం, బడికి కట్టడమూ బోధనా సిబ్బందీ సమకూర్చడం స్థానిక సంస్థ విధులని అది రాసిపెట్టింది. జీతమిచ్చేది విద్యాశాఖే కావచ్చు, కాని "మాకేం తెలుసు" అనడానికి పంచాయతీకి వీలు లేదు. 32వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు రాతమూలకంగా ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటగా చెప్పినదానికి ఈ గడువు వర్తించదు. అందుకే రాసి ఇవ్వమంటున్నాను.

రాసేది ఎప్పుడు? తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభలుంటాయి; 2022లో మార్చి 22, నవంబరు 1 కూడా చేర్చారు. 2019 డిసెంబరులో ఎన్నికైన పంచాయతీల గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చినప్పుడు, ప్రెసిడెంటే లేడు, ఇంక సభ ఏమిటన్నవారున్నారు. గ్రామసభ అంటే ప్రెసిడెంటు కాదు, ఓటరు జాబితాలో ఉన్న మీరంతా. బడి సంగతికి మే 1 సభ అన్నిటికన్నా ముఖ్యం. ఆగస్టు 1 నాటి పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులు తేలుస్తారు. ఆగస్టు 15న జెండా ఎగరేశాక లేచి అడిగితే, ఆ ఏటి లెక్క దాటిపోయి ఉంటుంది.

సభకు వెళ్లేముందు ఒక పని చేయండి. ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్ని, ఐదేళ్లు నిండిన పిల్లలెందరు, ఏ తరగతికి ఎందరు - ఇదంతా ఒక తెల్లకాగితంమీద రాసుకోండి. బడిలో చేర్చేటప్పుడు మాతృభాష అన్నచోట తెలుగు అనే రాయించండి. చాలామంది అక్కడ ఏం రాశారో చూడరు. పాఠశాల నిర్వహణ సంఘంలో మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ సంఘమే గనుక, తెలుగు టీచరు కావాలన్న మాట అందులోనూ ఎక్కాలి. అటు తర్వాత గ్రామసభ తీర్మానం నకలు జతచేసి బ్లాకు విద్యాధికారికి ఒకటి, సోమవారం వినతుల రోజున కలెక్టరు కార్యాలయంలో ఒకటి ఇవ్వండి. కప్పు, నీళ్లు, మరుగుదొడ్డి సంగతి మాత్రం వేరే కాగితంమీద రాసి బి.డి.ఓ.కు ఇవ్వండి. రెండూ ఒకే అర్జీలో రాస్తే, అది ఆ ఆఫీసునుంచి ఈ ఆఫీసుకు నడుస్తూనే ఉంటుంది.

తీర్మానం పుస్తకంలో తమిళంలో రాసినది చదవడం రాకపోతే, చదివి వినిపించమని అడిగి ఆ తర్వాతే సంతకం పెట్టండి. అర్జీ రెండో ప్రతిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. మూడు నెలలు లెక్కపెట్టేది ఆ తేదీనుంచే.