పొద్దుగూకితే మారిపోయే మీడియం వేవ్



పగలంతా ఖంగున పలికిన మీడియం వేవ్ స్టేషను పొద్దుగూకగానే గురగురలాడటం, దాని మీదికి ఎక్కడిదో తెలియని భాష వచ్చి పడటం పాతతరం శ్రోతలందరికీ ఎరుకే. సెట్టు చెడిపోయిందని చాలామంది దాన్ని బాగుచేయించడానికి తీసుకెళ్లేవారు. నిజానికి మారేది ఆకాశం.

మీడియం వేవ్ తరంగాలు కొన్ని నేల పట్టుకుని పోతాయి, కొన్ని పైకి పోతాయి. పగటిపూట సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాల వల్ల అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తున ఏర్పడే పొర పైకి పోయినవాటిని మింగేస్తుంది. పొద్దు వాలితే ఆ పొర ఉండదు. తరంగాలు ఇంకా పైనున్న పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. అలా రాత్రికి ఎక్కడెక్కడి స్టేషన్లో మన ముల్లు కిందికి వచ్చి చేరతాయి. పెద్ద ట్రాన్స్‌మిటర్లు ఈ తాకిడికి తట్టుకుంటాయి. ఒక కిలోవాట్‌తో నడిచే చిన్న స్టేషను మాత్రం ఊరి పొలిమేర దాటగానే ఆ రొదలో కలిసిపోతుంది.

అందుకే చిన్న స్టేషన్లు రాత్రి రద్దీ తక్కువున్న ఫ్రీక్వెన్సీ కోసం వెతుక్కుంటాయి. డయల్‌లో కింది అంకెల వైపు దొరికితే మరీ మేలు. అదే పవర్‌తో 600 కిలోహెర్ట్జ్ తరంగం 1500 దానికన్నా నేల మీద ఎక్కువ దూరం పోతుంది. కానీ 1500కి యాభై మీటర్ల టవర్ సరిపోయే చోట 600కి 125 మీటర్లు కావాలి. చిన్న స్టేషన్లకు ఆ ఖర్చే గుదిబండ.

మన పెద్ద స్టేషన్లూ ఫ్రీక్వెన్సీల మార్పుకు కొత్త కాదు. హైదరాబాద్‌లో నిజాం కాలపు డెక్కన్ రేడియో 411 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద వినిపించేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. ఆ తర్వాత 1975లో జెనీవాలో చాలా దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1978 నవంబరు 23న యూరప్, ఆఫ్రికా, ఆసియా ఖండాల మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడంతో సర్దుకున్నాయి. హైదరాబాద్ ‘ఎ’ స్టేషనుది 738, విజయవాడది 837, కడపది 900, విశాఖపట్నానిది 927. తొమ్మిదితో భాగించి చూడండి, శేషం రాదు. పక్కపక్క దేశాలు వేర్వేరు లెక్కలు పాటిస్తే రెండు స్టేషన్ల మధ్య రెండు మూడు కిలోహెర్ట్జ్‌ల తేడా వచ్చి, రాత్రంతా సన్నటి ఈల చెవుల్లో పొడుస్తుంది. ఆ ఈల పోవడానికే ఇంత సర్దుబాటు.

మన వరంగల్ కేంద్రానికి ఈ రాత్రిపూట బాధ లేదు. 103.5 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం తరంగాలను ఆ పొరలు మామూలుగా వెనక్కి పంపవు కాబట్టి రాత్రైనా పగలైనా ఒకేలా వినిపిస్తుంది. అయితే ఎఫ్‌ఎంకు గుట్ట అడ్డమొస్తే కష్టం. ఏటూరునాగారం వైపు గుట్టల చాటు పల్లెలకు నేల పట్టుకుని పోయే మీడియం వేవే నమ్మకమైనది. దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్న ఈ రోజుల్లో ఆ పల్లెలను లెక్కలోకి తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉన్నవారికి ఒక మాట. మీడియం వేవ్ పట్టేది బయటికి లాగే ఏరియల్ కాదు, సెట్టు లోపల అడ్డంగా పడుకుని ఉండే నల్లటి ఫెరైట్ కడ్డీ. కడ్డీ కొన ఎటు చూస్తే అటువైపు స్టేషను సన్నగిల్లుతుంది. వరంగల్‌లో హైదరాబాద్ వినాలంటే సెట్టు ముఖాన్ని నైరుతి వైపు తిప్పండి. అయినా వేరే స్టేషను అడ్డొస్తుంటే, దాని గొంతు తగ్గేదాకా సెట్టును మెల్లమెల్లగా పక్కకు తిప్పండి.