హమాదా నేర్చుకున్న ఊరు



చేతివృత్తుల చరిత్ర మీద పనిచేసేవాళ్ళం ఇంతమందిమి ఒకచోట చేరడం అరుదు.  జపాన్ కుమ్మరి హమాదా షోజి ఎవరో, అక్కడి జానపద చేతివృత్తుల మింగేయి ఉద్యమం ఏమిటో ఈ సభకు చెప్పనక్కర్లేదు. ఆ ఉద్యమానికి సిద్ధాంతం ఇచ్చిన యానాగి, హమాదా తోటి కుమ్మరి కవాయి, ఇంగ్లీషు కుమ్మరి లీచ్ పేర్లు మన పత్రాల్లో బాగా నలిగినవే. అందుకని నేరుగా నా పాత తగాదాలోకి దిగుతాను.

హమాదా తన జీవితాన్ని తానే నాలుగు ఊళ్ళుగా పంచి చెప్పాడు. దారి దొరికింది క్యోటోలో, పని మొదలైంది ఇంగ్లండులో, నేర్చుకున్నది ఒకినావాలో, ఎదిగింది మాషికోలో. వీటిలో మూడింటి గురించి రాసి రాసి అలమరలు నింపాం. ఆయన ‘నేర్చుకున్నాను’ అన్న ఊరికి మాత్రం ఒక్క పేరా ఇస్తాం. అదీ ఆయన పాత్రల మీద కనిపించే చెరకు మొక్క బొమ్మ దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఇది పరిశోధన అనిపించుకోదని నేను ఎన్నో సభల్లో అన్నాను, ఇక్కడా అంటున్నాను.

క్యోటో, ఇంగ్లండు సంగతులు త్వరగా ముగిస్తాను. 1916లో టోక్యో సాంకేతిక విద్యాలయం నుంచి బయటికొచ్చిన యువకుడు క్యోటో పురపాలక సంఘంవారి పింగాణీ పరిశోధనశాలలో చేరాడు. అక్కడ కవాయి కంజిరోతో కలిసి వేలకొద్దీ గ్లేజులు పరీక్షించాడు. 1920లో లీచ్ వెంట కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌కు వెళ్ళి మెట్ల ఆవం కట్టాడు. 1923లో లండన్‌లో ప్రదర్శన పెట్టాడు. డిచ్‌లింగ్‌లో నేతగత్తె ఎథెల్ మైరెట్ ఇంటి భోజనాల బల్ల మీద పాత ఇంగ్లీషు మట్టిపాత్రలు చూసి ముగ్ధుడయ్యాడు. భారతీయ కళల చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి మొదటి భార్య ఆమే. మన దేశపు దారం హమాదా కథలో కలిసే చోటు అదొకటి. రెండోది ఢిల్లీ బ్లూ పాటరీ సర్దార్ గురుచరణ్ సింగ్. ఆయన కుర్రతనంలో జపాన్‌కు చదువుకోవడానికి వెళ్ళి, యానాగి, లీచ్, హమాదాల బృందంతోనే స్నేహం కలుపుకొన్నాడు. ఈ రెండింటి మీదా ఒక్కో మంచి వ్యాసం రావాలి.

ఇక ఒకినావా. జపాన్‌లో 1923 సెప్టెంబరులో వచ్చిన భూకంపం తర్వాత హమాదా స్వదేశం చేరాడు. 1924 చివర పెళ్ళి చేసుకున్నాడు. భార్యతో కలిసి నాహాలోని త్సుబోయా కుమ్మరివాడకు వెళ్ళి కొన్ని నెలలున్నాడు. అది విహారం కాదు. అక్కడివాళ్ళ మట్టితో, అక్కడివాళ్ళ సారె మీద, అక్కడివాళ్ళ ఆవంలో పనిచేశాడు. త్సుబోయా 1682 నుంచీ ఉన్న వాడ. ర్యూక్యూ రాజులు చెదురుమదురుగా ఉన్న ఆవాలన్నిటినీ అక్కడికి చేర్చారు. గ్లేజు లేని పెద్ద పాత్రలు ‘అరయాచి’, గ్లేజు వేసినవి ‘జోయాచి’. అవామోరి సారాకు జాడీలు, నడుముకు కట్టుకునే వంపు సీసాలు, అన్నం గిన్నెలు. ఎర్రమన్ను మీద తెల్లసుద్ద పూసి, దాని మీద రంగులు వేస్తారు. ఆవంలో గిన్నె మీద గిన్నె పేర్చడానికి లోపలి అడుగున గ్లేజును గుండ్రంగా గీకేస్తారు. ఆ గీకిన వలయాన్ని దాచరు, దిద్దరు. అది పాత్ర ముఖంలో ఒక భాగమైపోతుంది.

హమాదాకు క్యోటోలో రసాయనం తెలిసింది, ఇంగ్లండులో ధైర్యం వచ్చింది. పని సౌకర్యం కోసం చేసినదే రూపమై నిలుస్తుందన్న సంగతి చేతికి ఎక్కింది మాత్రం త్సుబోయాలో. మాషికోలో ఆయన చేసినదంతా నేను అక్కడి నుంచే చదువుతాను. మాషికో మన్ను గరుకు. 1853 నుంచీ ఆ ఊరు టోక్యో వంటిళ్ళకు నీళ్ళ జాడీలు, రుబ్బే గిన్నెలు, టీ కూజాలు చేసిపెట్టింది. అక్కడ హమాదా మేలిరకం మన్ను వెతకలేదు. దగ్గరి రాతిపొడితో ఇటుకరంగు గ్లేజు, ఊకబూడిదతో తెల్ల గ్లేజు చేసుకుని, ఉన్నదానితోనే పని సాగించాడు. ఆవం పెట్టే షరతులకు చేయి తలవంచే ఆ తీరుకు మూలం సెయింట్ ఐవ్స్‌లో ఎంత వెతికినా దొరకదు.

ఈ వాదనను నేను తొలిసారి ఒక పత్రికకు పంపినప్పుడు, ఒకినావా పేజీలు తీసేస్తే వేసుకుంటామని జవాబొచ్చింది. తీయలేదు, వాళ్ళూ వేయలేదు. ఆ తర్వాత నాహా వెళ్ళి త్సుబోయాలో ఇంకా నిలిచున్న పాత మెట్ల ఆవం, పెంకుల కప్పు కింద వాలుగా పరచుకున్న దాన్ని కళ్ళారా చూశాక, ఆ పేజీలను ఇంకా పెంచాను.

రెండు పక్షాలవారికీ నేనొక మాట చెప్పాలి. లీచ్ రాసినదే వేదంగా చదివేవారికి హమాదా అంటే పశ్చిమానికి తూర్పు పంపిన ఋషి. 1952లో ఇంగ్లండులోని డార్టింగ్టన్‌లో జరిగిన చేతివృత్తులవారి సభ, ఆ వెంటనే అమెరికా పర్యటన, వాళ్ళ కథ అక్కడ శిఖరానికి చేరుతుంది. రెండో పక్షం మింగేయిని విమర్శించిన కికుచి యూకో పుస్తకం వచ్చాక బలపడింది. మింగేయిలో సామ్రాజ్యపు చూపు ఉందంటారు. నిజమే, ఉంది. 1879లో జపాన్ కలిపేసుకున్న రాజ్యం ఒకినావా. అక్కడి అందాన్ని టోక్యోవాళ్ళు వెళ్ళి ‘కనిపెట్టడం’లో అధికారముంది. కానీ 1940లో ఒకినావా భాషను అణచివేస్తున్న ప్రభుత్వ ప్రచారాన్ని బాహాటంగా ఎదిరించినది యానాగి బృందమే. యుద్ధానికి ముందు వాళ్ళు సేకరించి టోక్యోలోని మింగేయికాన్ మ్యూజియంలో పెట్టిన ఒకినావా వస్త్రాలు, పాత్రలు ఇవాళ మిగిలి ఉన్నాయి. దీవిలో ఉన్నవాటిలో ఎన్నో 1945లో బూడిదయ్యాయి. ఈ రెండు నిజాలనూ ఒకే పేజీలో పెట్టలేని సిద్ధాంతం నాకు అక్కర్లేదు. సిద్ధాంతం యానాగిది, పాత్ర హమాదాది. యానాగి మీద కోపంతో హమాదా గిన్నెను పగలగొట్టకండి.

హమాదాకు గౌరవాలు చాలా వచ్చాయి. 1955లో ‘సజీవ జాతీయ నిధి’గా తొలి జాబితాలోనే ఉన్నాడు. 1968లో సంస్కృతి పురస్కారం అందుకున్నాడు. అలాంటి బిరుదులను కవాయి వద్దన్నాడు. హమాదా తీసుకున్నాడు, పాత్రల మీద మాత్రం సంతకం పెట్టలేదు, వాటి పెట్టెల మీద పెట్టాడు. దీన్ని కపటమనేవారున్నారు. నేను అనను. కొనేవాడికి పెట్టె కావాలి, వాడేవాడికి పాత్ర కావాలి.

యువ పరిశోధకులకు నా విన్నపం ఒక్కటే, త్సుబోయా మనుషుల్ని రాయండి. అరగాకి ఎయితోకు పనిశాలలో కుర్రతనం నుంచి పనిచేస్తూ హమాదాను చూసి పెరిగిన కింజో జిరో 1985లో ఒకినావా నుంచి తొలి సజీవ జాతీయ నిధి అయ్యాడు. నాహాలో కట్టెల ఆవాల పొగ మీద అభ్యంతరాలు వచ్చినప్పుడు 1972లో ఒకినావాలోనే ఉన్న యోమితాన్‌కు తరలిపోయాడు. యుద్ధం ముగిసిన ఏడు, 1945 నవంబరులో, నాహాలోకి ముందుగా అడుగుపెట్టనిచ్చిన సుమారు వంద మంది త్సుబోయా కుమ్మరులే. తినడానికి గిన్నెలు లేవు గనక వాళ్ళను పిలిచారు. హమాదా వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడని మనం రాస్తాం, వాళ్ళ పేర్లు రాయం. మాషికోలోనూ అంతే. టీ కూజాల మీద రోజుకు వందల కొండ బొమ్మలు వేసిన మినగావా మాసుకు ఒక అధ్యాయం, సారె తిప్పినవాళ్ళకూ ఆవం కాచినవాళ్ళకూ ఒక అధ్యాయం కావాలి. త్సుబోయాలో హమాదా కాల్చిన పాత్రలను మాషికోవాటి నుంచి విడదీసి, మన్ను పరీక్షించి, కాలక్రమంలో పేర్చిన పట్టిక కావాలి. అందుకు లీచ్ ఇంగ్లీషు చాలదు, జపనీస్ నేర్చుకోవాలి, ఒకినావా మాట కొంతైనా చెవిన పడాలి. నేను పోగుచేసిన ఫొటోలు, నోటు పుస్తకాలు అన్నీ సదస్సు కార్యదర్శికి అప్పగించాను. ఈ పనికి పూనుకునేవారు ఎవరైనా సరే, అడిగి తీసుకోవచ్చు.