హంసలదీవి బురదలో పుట్టే అడవి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల మీద తీర్మానం అయిపోయింది కనుక, భోజనాల వేళ వరకు ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంకొకటి చెప్పటం నాకు చేతకాదు. అందుకని మనలో చాలామంది మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి వెళ్లే హంసలదీవినే పాఠంగా తెచ్చుకున్నాను.

స్థలపురాణం మీకు తెలిసిందే. లోకుల పాపాలు మోసి మోసి నల్లబడిన గంగమ్మ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సాగరంలో కలిసే ఇక్కడ మునగగానే హంస అయిందంటారు. నేను చెప్పబోయేది కూడా రూపం మారటం గురించే. అయితే ఇది ఒక్క మునకలో అయ్యే పని కాదు. ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఏమీ లేని నేల మీద మొదట కొన్ని మొక్కలు వస్తాయి. అవి నేలను మారుస్తాయి. మారిన నేల మీదకి వేరే మొక్కలు వస్తాయి. వాటితో పురుగూ పుట్రా, పిట్టా, పీతా వస్తాయి. దీన్ని శాస్త్రంలో అనుక్రమం అంటారు. మొదట వచ్చినవాటికి తరచుగా ఆ చోట నీడ ఎక్కువై, బతుకు కష్టమవుతుంది. మన ఆఫీసుల్లో మనం చేసిందీ అంతేగదా! ఫైళ్లు సర్ది కుర్చీ మరొకరికి అప్పగించి వచ్చాం.

1899లో కౌల్స్ అనే అమెరికా శాస్త్రవేత్త మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద నడుస్తూ ఈ సంగతిని వివరంగా రాశాడు. నీటి అంచున ఉన్న దిబ్బ కొత్తది, లోపలికి పోయినకొద్దీ పాతది. కనుక వంద గజాలు నడిస్తే కొన్ని ఏళ్లు వెనక్కి నడిచినట్టు. ఈ లెక్క మన సంగమం దగ్గరా పనిచేస్తుంది. అలలు తాకే ఇసుకలో మొక్కే ఉండదు. కొంచెం పైకి వస్తే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు. ఈ రెండూ ఇసుకను కదలకుండా పట్టుకుంటాయి. వాటి వెనక గడ్డి, ముళ్లపొదలు, తాళ్లు. ఊరి దగ్గరకి వచ్చేసరికి మొక్కల జాతులు లెక్కపెట్టటానికి ఒక పూట చాలదు. మన సీమలో పేర్లు చూడండి, ఎలిచెట్లదిబ్బ, లంకెవానిదిబ్బ, నాగాయలంక. ఊరి పేర్లలోనే దిబ్బలూ లంకలూ ఉన్నాయి. నది తెచ్చిన నేల మీద మనం కాపురాలు పెట్టుకున్నవాళ్లం.

ఇసుక సంగతి అంతటితో వదిలేస్తాను. అసలు ముచ్చట బురదలో ఉంది.

కృష్ణ మొగల దగ్గర సన్నని ఒండ్రు పేరుకుని, ఆటుకి బయటపడి, పోటుకి మునిగే బురదనేల ఏర్పడుతుంది. మామూలు మొక్క అక్కడ ఒక్కరోజు బతకదు. ఉప్పు ఒక బాధ, వేళ్లకి గాలి అందకపోవటం మరో బాధ. ముందుగా ఉప్పునీటికి తాళే గడ్డి, దాని వెంట తెల్ల మడ దిగుతాయి. మడచెట్టు ఆకుల మీదుగా ఉప్పును బయటికి నెట్టేస్తుంది. వేళ్లు బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి గాలి పీలుస్తాయి. ఆ పెన్సిళ్ల మధ్య నీటి వేగం తగ్గి మరింత ఒండ్రు దిగుతుంది. నేల వేలెడు వేలెడు లేస్తుంది. అప్పుడు నల్ల మడ, గుగ్గిలం, పాయల వెంట ఉప్పు పొన్న, కొంచెం ఎత్తున తిల్ల చేరతాయి. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, బాణంలా కిందికి జారుతుంది. మునిమనవల్ని చంకనెత్తుకున్న ముత్తవ్వ గుర్తొస్తుంది నాకు.

మొత్తం మడజాతి చెట్లు మన వైపు డజనుకు కాస్త అటూ ఇటూ. ఇంతేనా అనకండి. చెట్లను కాక, వాటి కింద ఉన్నవాటిని లెక్కపెట్టండి. మండపీతలు, బురదచేపలు, నత్తలు, రొయ్యపిల్లలు, చిన్నప్పుడు ఇక్కడ పెరిగి సముద్రానికి పోయే చేపలు, వాటి కోసం వచ్చే కొంగలు, రాత్రిపూట చేపలు పట్టే బావురుపిల్లి. ఈ అడవినే 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాలం గడిచేకొద్దీ జాతులు పెరుగుతూనే పోతాయని అనుకుంటాం. అలా కాదు. నేల మరీ ఎత్తై, పౌర్ణమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటు తప్ప నీరు అందని చోట ఎండాకాలం ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మిగిలేది ఇలకూర, అలాంటివి మరో రెండు మూడు. మొదట్లో తక్కువ, నడుమ ఎక్కువ, చివరికి మళ్లీ తక్కువ. మా విద్యార్థి దశలో అనుక్రమం నిచ్చెనలాంటిదనీ, పై మెట్టు మీద చరమ దశ స్థిరంగా ఉంటుందనీ చదివాం. అది 1916లో క్లెమెంట్స్ చెప్పినది. 1926లోనే గ్లీసన్ దాన్ని కాదన్నాడు. ఏ మొక్క దారి దానిదే, గింజ చేరటం, నేల నప్పటం బట్టి గుంపులు ఏర్పడతాయన్నాడు. మడ అడవి చూసినవాడిగా నాకు గ్లీసన్ మాటే సబబుగా తోస్తుంది. ఇక్కడి చెట్ల వరసలను ఉప్పూ, పోటూ, తుపానూ ఏటా తిరగరాస్తుంటాయి.

తుపాను అనగానే సభలో కొన్ని ముఖాలు మారాయి. 1977 నవంబరు 19. ఉప్పెన తీసుకుపోయినవారు పదివేలమంది దాకా అని సర్కారు లెక్క. మన లెక్క వేరు. ఆ మరుసటి ఏడే, 1978లో, కానెల్ అనే శాస్త్రవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. అడవిని ఏ తుపానూ ఎన్నడూ కదపకపోతే బలమైన కొద్ది జాతులే నిలుస్తాయి. అస్తమానం కదిపితే ఏదీ నిలవదు. మధ్యస్థంగా కదిలించినచోట జాతులు ఎక్కువ అని. దీని మీద నేటికీ వాదాలున్నాయి. సోర్లగొంది పేరు విన్నవాడెవడూ ఉప్పెనను మేలు అనడు. అడవి లెక్క వేరు, మనిషి లెక్క వేరు, అంతవరకే చెబుతున్నాను.

ఉప్పెన తరవాత గాలి తట్టుకోవటానికి తీరం వెంట సరుగుడు తోటలు వేశారు. గాలిని ఆపాయి, పేదలకు పొయ్యిలోకి పుల్లలిచ్చాయి. అయితే సరుగుడు కింద ఆకు దట్టంగా పరుచుకుని, మరో మొక్క మొలవటం కష్టం. అది తోటే గాని అడవి కాదు. రెండిటికీ తేడా తెలుసుకుని వేసుకుంటే పేచీ లేదు.

తరవాత రొయ్యల చెరువులొచ్చాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య బంగారం పండించింది. 1994లో తెల్లమచ్చ తెగులు చాలామందిని ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద తీర్పు చెప్పింది. తరవాత వనామి వచ్చింది. వదిలేసిన చెరువులో అడవి దానంతటదే వస్తుందా? గట్టు ఉన్నంతకాలం రాదు. పోటు నీరు లోపలికి రాదు, నీటి మీద తేలివచ్చే మడగింజా రాదు. ఉప్పు నేలలో ఇలకూర ఒక్కటే మిగులుతుంది. కాలువలు తవ్వి పోటుకి దారి ఇస్తే గింజలు చేరతాయి. అటవీశాఖవారూ, స్వామినాథన్ ఫౌండేషన్‌వారూ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి ఈ పద్ధతిలోనే మడ మొక్కలు పెంచారు. పెద్ద ఖర్చుతో చెట్లు నాటటం కంటే నీటికి దారి ఇవ్వటం మేలని నా అభిప్రాయం.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. ఈ కథంతా కొత్త ఒండ్రుతో మొదలవుతుంది. 1855లో కృష్ణ ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు, ఆపైన శ్రీశైలం, పులిచింతల. నీరు పొలాలకు వెళ్లింది, మట్టి జలాశయాల అడుగున ఆగిపోయింది. నీటిపారుదల శాఖలో చేసిన మిత్రులు ఇక్కడ ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను. గుడివాడ, బందరు వాళ్లం తిన్న అన్నం ఆ నీళ్లదే. కానీ మొగల దగ్గర చాలాచోట్ల సముద్రం నేలను కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో చూపించారు. ఉన్న మడ ముసలిదవుతుంది, అంచు చెట్లు కూలుతాయి. వాటి పిల్లలు దిగటానికి కొత్త బురద ఉండదు. మొదటి మెట్టే లేకపోతే వరస ఎక్కడ మొదలవుతుంది? వరదల రోజుల్లో ఒండ్రును కొంతైనా కిందికి వదిలే ఉపాయం ఇంజనీర్లే చెప్పాలి. ఆ మిత్రుల్లో ఎవరైనా వచ్చే సంచికకు రాస్తే మొదట చదివేది నేనే.

వచ్చే మాఘ పౌర్ణమికి సంఘం బస్సు వేస్తే వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, అటవీశాఖ అనుమతితో పాలకాయతిప్ప వైపు ఆటు వేళకి వెళ్దాం. మనవల్ని తీసుకురండి, మడవేళ్లు చూపిస్తాను. తిల్ల కొమ్మ మాత్రం విరవనీయకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. పులిహోర వాసన కూడా వస్తోంది. సెలవు.