పవర్ స్టీరింగ్ హోస్: బానెట్ కింద ఆ వంపులు ఊరికే లేవు

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే మనం ఏం చూస్తాం? తిరిగిన కిలోమీటర్లు, టైర్లు, పెయింట్. బానెట్ ఎత్తి, ఏదో అర్థమైనట్టు తలూపి, మూసేస్తాం. ఈరోజు ఎపిసోడ్ ఆ బానెట్ కింద పాములా మెలికలు తిరిగిన ఒక నల్ల పైపు గురించి. పవర్ స్టీరింగ్ హోస్.

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి మోటారుతో పనిచేసే ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉంటుంది. వాటిలో ఈ ఆయిలూ ఉండదు, ఈ పైపూ ఉండదు. కానీ పాత ఇన్నోవాలు, బొలెరోల్లో ఉన్నది హైడ్రాలిక్ స్టీరింగే. సెకండ్ హ్యాండ్‌లో అలాంటివీ దొరుకుతాయి కదా.

ఇంజిన్ బెల్టు ఒక పంపుని తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ని ప్రెషర్‌తో స్టీరింగ్ దగ్గరికి తోస్తుంది, అక్కడ పని అయిపోయిన ఆయిల్ డబ్బాలోకి తిరిగొస్తుంది. వెళ్లేది ప్రెషర్ హోస్, వచ్చేది రిటర్న్ హోస్. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ పనిలో పోలికే లేదు. టైర్‌లో గాలి 32 పిఎస్ఐ, అంటే దాదాపు 2.2 బార్. బండి ఆపి స్టీరింగ్‌ని చివరి దాకా తిప్పినప్పుడు ప్రెషర్ హోస్‌లో 80 నుంచి 100 బార్ దాకా వెళ్తుంది. టైర్‌కి నలభై రెట్లు! రిటర్న్‌లో మాత్రం చాలా తక్కువ.

మరి అంత ప్రెషర్ ఉంటే మొత్తం స్టీల్ పైపే వేయొచ్చుగా? వేయలేం. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఊగుతూ ఉంటుంది. స్టీరింగ్ ర్యాక్‌ని మాత్రం కింద ఫ్రేముకి కదలకుండా బిగిస్తారు. ఈ రెండిటినీ గట్టి పైపుతో కలిపితే, తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టు ఏదో ఒక రోజు పగులుతుంది. అందుకే చివర్లలో స్టీల్, మధ్యలో రబ్బరు. రెండూ కలిసే చోట మెషిన్‌తో నొక్కిన మెటల్ తొడుగు ఉంటుంది. ఆ రబ్బరు కూడా ఒక్క పొర కాదు. లోపల ఆయిల్‌కి, వేడికి తట్టుకునే పొర, దాని మీద జడలా అల్లిన నైలాన్ దారం, పైన ఇంకో పొర.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. పంపు ఆయిల్‌ని ఒకే ధారగా పంపదు, దెబ్బలు దెబ్బలుగా పంపుతుంది. లోపల 10 రెక్కలుండి, నిమిషానికి 900 సార్లు తిరుగుతోందనుకోండి. సెకనుకి 150 దెబ్బలు! అదే మనకి ‘మ్‌మ్‌మ్’ అని వినిపించే మూలుగు. హోస్ కొద్దిగా ఉబ్బి, తగ్గి ఆ దెబ్బల్ని మింగేస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది బఫర్. కొన్ని కార్లలో హోస్ లోపల ఇంకో సన్నటి ట్యూబ్ కూడా పెడతారు, ఆ మోతని చంపడానికి. అందుకే కంపెనీ హోస్ తీసేసి వేరే పొడవుది వేస్తే, లీక్ లేకపోయినా కొత్తగా మూలుగు మొదలవ్వచ్చు.

ఇక దారి. ప్రెషర్ ఎక్కినప్పుడు హోస్ పొడవు కొంచెం మారుతుంది కాబట్టి బిగలాగి వేయకూడదు. మెలి తిప్పి బిగిస్తే, ప్రెషర్ ఎక్కిన ప్రతిసారీ అది మెలి విప్పుకోవాలని చూస్తుంది, జాయింట్ లూజవుతుంది. మెటల్ తొడుగు పక్కనే వంపు ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఎగ్జాస్ట్‌కి దూరంగా ఉండాలి. తప్పనిసరిగా దగ్గరగా వెళ్లాల్సి వస్తే వెండిరంగు హీట్ స్లీవ్ తొడుగుతారు. కొన్ని కార్లలో రేడియేటర్ ముందు వంకర తిరిగిన మెటల్ పైపు కనిపిస్తుంది. రిటర్న్ ఆయిల్ అక్కడే చల్లారేది. పనికిరానిదనుకుని పీకించేయకండి బాబూ.

మొన్న ఒక తమ్ముడు తను కొనబోయే కారు ఫోటో పంపాడు. ప్రెషర్ హోస్ మధ్యలో కోసి, మామూలు రబ్బరు పైపు ముక్క పెట్టి, స్క్రూ క్లాంప్‌తో బిగించారు. పట్టి ఉంచే క్లిప్ లేదు, పైపు ఎగ్జాస్ట్ వైపు జారింది. ఆ క్లాంప్ రిటర్న్ వైపు సరిపోతుంది, ఇక్కడ ఆగదు. ఊడితే ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. లాక్ అవ్వదు, బలంగా తిప్పితే తిరుగుతుంది, కానీ ఆ క్షణంలో ఎవరైనా కంగారు పడతారు. చిమ్మిన ఆయిల్ కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకోవచ్చు కూడా. అసలు హోస్ వేయించి ఇస్తేనే కొను, లేకపోతే వదిలెయ్ అన్నాను.

మీరు చూసేటప్పుడు ఇంజిన్ ఆపి, చల్లారాక, ఆ మెటల్ తొడుగుల చుట్టూ టిష్యూతో తుడవండి. తడి అంటిందా? ఉబ్బు, పగుళ్లు ఉన్నాయా? క్లిప్పులన్నీ ఉన్నాయా? తర్వాత స్టార్ట్ చేసి స్టీరింగ్ చివరి దాకా తిప్పి వినండి, కానీ అక్కడ 5 సెకన్లకి మించి పట్టుకోకండి. ఇంజిన్ నడుస్తుండగా లీక్ కోసం చెయ్యి పెట్టొద్దు, సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరిపోగలదు. అట్టముక్క పెట్టి చూడండి, తడిస్తే లీకే.

ఎలక్ట్రిక్ స్టీరింగ్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి, బై.